మెట్ల వాద్యమును నేర్పువారు

(ద్వారం వేంకటస్వామినాయుడుగారి స్మారకోపన్యాసము. సూరతు జిల్లా కామ్‌రేజ్‌లో తెలుగువారి సభయందు చదువబడినది.)



ద్వారం వేంకటస్వామినాయుడుగారి పేర జరుగు ఉపన్యాసమునకు పియానో గురువులను విషయముగా గైకొనుట కొందరికి వింతగా తోచవచ్చును. వారు జీవితాంతము చేపట్టినది వాయులీనము గాని మెట్ల వాద్యము కాదు. ఐనను ఈ విషయమును నేను బుద్ధిపూర్వకముగానే ఎన్నుకొంటిని. వాయులీనము పడమటి దేశములనుండి మనకు వచ్చినది. పియానోయు అట్లే వచ్చినది. మొదటిది సుమారు 200 ఏండ్లలో మన సంగీతమున ఎంతగా కలిసిపోయినదనగా, అది పక్కన లేని గాత్రకచేరిని నేడు మనము ఊహింపజాలము. రెండవదియో, మన ఇండ్లలోనికి వచ్చినది గాని మన సంగీతములోనికి ఇంకను రాలేదు. ఈ భేదమునకు వాద్యముల నిర్మాణము కొంత కారణమే. ఆ వాద్యములను నేర్పినవారు ఎచ్చటనుండి వచ్చిరి, ఏమి విని పెరిగిరి, శిష్యునికి మొట్టమొదట ఏమి చెప్పిరి అనునది అంతకు మించిన కారణమని నా అభిప్రాయము.

దీనికి సమీపకారణమును ఒకటి కలదు. మరమగ్గముల పనికై కరీంనగరము, వరంగల్లు, నల్గొండ ప్రాంతములనుండి సూరతు చేరిన పద్మశాలి కుటుంబముల రెండవ మూడవ తరములవారు నేడు తమ పిల్లలకు కీబోర్డు కొనిపెట్టుచున్నారు. కామ్‌రేజ్ చార్ రస్తా చుట్టును లేచుచున్న సొసైటీలలో సాయంకాలమున ఏదో ఒక వాకిటినుండి ఆ వాద్యధ్వని వినవచ్చుచునే యుండును. ఆ తలిదండ్రులు గురువునుగూర్చి విచారించునప్పుడు సాధారణముగా అడుగు ప్రశ్న, ఆయన ఏ పరీక్షలలో కృతార్థుడైనాడు అని. అడుగదగిన ప్రశ్నయే. కాని దానికి ముందు అడుగవలసినది మరియొకటి కలదు: ఆయన సంగీతమునకు ఏ త్రోవన వచ్చినాడు?

మీరు నివసించు ఈ చోటు ఇట్టి రాకపోకలకు కొత్తది కాదు. తాపీతీరమందలి ఈ కామ్‌రేజ్ ప్రాచీనకాలపు రేవనియు, గ్రీకు నావిక గ్రంథమైన పెరిప్లస్‌లో కానవచ్చు ‘కమ్మోని’ ఇదియే కావచ్చుననియు కొందరు పురావస్తు పరిశోధకులు తలంతురు. అంతటి పూర్వమునకు పోనక్కరలేదు. థామస్ బెస్ట్ నాయకత్వమున వచ్చిన ఆంగ్లనౌకలు 1612లో సూరతు చెంతనున్న సువాలి రేవున లంగరు దించినవి. వారిలో పాల్ కానింగ్ అను దూత మరుసటి యేడు జహంగీరు పాదుషా కొలువునకు ఆగ్రా వెళ్ళినప్పుడు ఆయనతో ఇద్దరు వాద్యకారులుండిరి. లాన్సిలాట్ కానింగ్ అనువాడు పియానోకు పూర్వరూపములలో నొకటియైన వర్జినల్ అను మెట్ల వాద్యమును, రాబర్ట్ ట్రల్లీ అనువాడు కార్నెట్ అను ఊదువాద్యమును వినిపించిరి. వర్జినల్ పాదుషాకు రుచింపలేదు. కార్నెట్ మాత్రము ఎంతగా రుచించెననగా, తన ఆస్థానవాద్యకారునొకని దానిని నేర్చుకొనుమని నియమించెను. ఊదువాద్యము స్వరమును సాగదీయగలదు, వంపగలదు. వర్జినల్ తీగ మీటిన క్షణముననే అణగిపోవును. రాగమున పెరిగిన చెవి దేనిని వరించునో పాదుషా తీర్పే చెప్పుచున్నది. మెట్ల వాద్యముపై మనవారు తరువాతి మూడు శతాబ్దులలో చేసిన ఆక్షేపణలన్నియు ఆ నాటి సభలోనే పుట్టినవని నాకు తోచును.

ఇక వాద్యము సంగతి. ఇటలీ దేశమున ఫ్లోరెన్సు నగరమందు బార్టొలోమియో క్రిస్టోఫోరి అను పనివాడు, తీగను మీటుటకు బదులు చిన్న సుత్తితో కొట్టి, వ్రేలి బలమునుబట్టి ధ్వని హెచ్చుతగ్గులగునట్లు 1700 ప్రాంతమున నిర్మించినదే పియానో. నేటి పియానోకు 88 మెట్లు. ప్రతి స్థాయియు 12 సమానభాగములు. ఇందు గమనింపదగినదేమనగా, శ్రుతి చేయుట వాయించువాని పని కాదు, దానికి వేరొక పనివాడు కలడు; నేటి ఎలక్ట్రానిక్ కీబోర్డునకు ఆ పనివాడును అక్కరలేదు. మెట్టు నొక్కినది పండితుడైనను, పసిబాలుడైనను, దానిపై పిల్లి నడచిపోయినను షడ్జము షడ్జమే. వాయులీనము అట్టిది కాదు. దానికి మెట్లు లేవు, గుర్తులు లేవు. వెండ్రుకవాసి జరిగినచో స్వరము చెడును. కావున వాయులీనము నేర్పువాడు తొలిదినముననే శిష్యుని చెవిని దిద్దక తప్పదు. మెట్ల వాద్యము నేర్పువానికి ఆ నిర్బంధము లేదు. శిష్యుడు చెవితో ప్రసక్తి లేకయే మూడేండ్లు, నాలుగేండ్లు వ్రేళ్ళు కదపగలడు, బహుమతులును పొందగలడు. ఈ వాద్యమునందలి సౌలభ్యమే దీనిని నేర్పుటయందలి అపాయము.

ఈ అపాయమునుండి తప్పించుకొన్న గురువులెవరని చూచినచో, వారిలో పెక్కురు ఆ వాద్యమునందే పుట్టి పెరిగినవారు కాకపోవుట విస్మయము గొలుపును. పియానోకై పుట్టినవాడని లోకము చెప్పుకొను షోపాన్‌కు వార్సాలో బాల్యమున గురువు వొయ్‌చెక్ జివ్నీ అను బొహీమియా దేశస్థుడు; అతడు ప్రధానముగా వయొలిన్ వాద్యకారుడు, పియానోయందు సామాన్యుడు. వ్రేళ్ళకు అతడు చెప్పగలిగినది స్వల్పము. కాని బాఖ్, మొజార్ట్‌ల కృతులను బాలుని ముందుంచి, ఏది సారవంతమో వినుట నేర్పి, వ్రేళ్ళ సంగతి శిష్యునికే విడిచిపెట్టెను. ఆ విడిచిపెట్టుటయే అతని ప్రజ్ఞ. షోపాన్ పారిస్ నగరమున తానే గురువై, పాఠమునకు 20 ఫ్రాంకులు గైకొని జీవనము సాగించిన కాలమున శిష్యురాండ్రకు చెప్పిన పద్ధతి చూడుడు. తెల్లమెట్లు మాత్రమే గల స్కేలు సులభమని ఎల్లవారును దానితో ప్రారంభింతురు. అతడు అట్లు గాక, ఐదు నల్లమెట్లు గల బి మేజర్‌తో ప్రారంభించెను. ఏలయన, నడిమి పొడుగు వ్రేళ్ళు నల్లమెట్లపైనను, పొట్టివగు బొటనవ్రేలును చిటికెనవ్రేలును తెల్లమెట్లపైనను సహజముగా నొదుగును. కాగితముపై కష్టమైనది చేతికి సుకరమని కనుగొనుటకు కాగితమును మరచి చేతిని చూడవలెను గదా. అంతకంటెను ముఖ్యముగా, గాయకులను వినుడని, వీలైనచో గాత్రము అభ్యసింపుడని ఆయన శిష్యులను పురికొల్పుచుండెను.

లైప్‌జిగ్ నగరవాసి ఫ్రీడ్రిఖ్ వీక్ కథ ఇంకను విచిత్రము. అతడు దైవశాస్త్రము చదివి, కలవారి ఇండ్లలో పిల్లలకు చదువు చెప్పి, పిదప పియానోల అంగడి పెట్టినవాడు. అట్టివాడు 1819లో పుట్టిన తన కుమార్తె క్లారాకు స్వరలిపి చూపకముందే చెవితో పట్టి వాయించుట అలవరచెను. పెరిగిన పిదప గాత్రశిక్షణకును పంపెను. తండ్రిగా అతని కాఠిన్యమును నేను సమర్థింపను. కూతురి దినచర్యపుస్తకమును తానే వ్రాయుటయు, ఆమె రాబర్ట్ షూమన్‌ను పెండ్లాడుటకు 1840లో న్యాయస్థానము అనుమతి ఇయ్యవలసివచ్చునంతగా అడ్డుపడుటయు గురుధర్మము కాదు, పితృధర్మము అసలే కాదు. ఐనను పాఠము చెప్పిన క్రమము మెచ్చదగినది. క్లారా 1878నుండి ఫ్రాంక్‌ఫర్టు సంగీతశాలలో తానే అధ్యాపకురాలై ఆ క్రమమును పెక్కురకు అందించెను.

దీనికి ఎదుట, చేతిసాధనకే పేరొందిన వంశమొకటి కలదు: బీథోవెన్ శిష్యుడు చెర్నీ, చెర్నీ శిష్యుడు లెషెటిట్‌స్కీ, ఆయన శిష్యులు పడెరెవ్‌స్కీ, ష్నాబెల్ మున్నగువారు. ఈ పరంపరనే నేటికిని గురువులు తమ గోడలమీద వ్రేలాడదీసికొందురు. కాని లెషెటిట్‌స్కీ తనకంటూ పద్ధతి ఏదియు లేదని చెప్పుకొనుచుండెననియు, వ్రేళ్ళను సిద్ధము చేయు పనిని తన సహాయకులకు అప్పగించి, వినుట మాత్రము తానే చేయుచుండెననియు ఎరిగినచో, వంశవృక్షమునకు మనమిచ్చు గౌరవము కొంత సడలక మానదు.

ఇప్పుడు నాయుడుగారి యొద్దకు వత్తము. మన దేశమున వాయులీనము ప్రవేశించిన తీరు అందరెరిగినదే: ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు చెంత మణలిలో, చిన్నయ మొదలియారు పోషణమున, మద్రాసు కోటలోని ఐరోపా వాద్యకారునియొద్ద దానిని అభ్యసించెను. ఆ దొర నేర్పినది తన దేశపు సంగీతమే. బాలుస్వామి నేర్చుకొన్నది మాత్రము వాద్యమును. రాగమును ఆయన ఇంటినుండియే తెచ్చుకొన్నాడు. గురువుకు తెలియని సంగీతమును గురువు ఇచ్చిన వాద్యముపై శిష్యుడు వెదకుకొన్న ఈ ఘట్టమునుండియే మన వాయులీన సంప్రదాయమంతయు పుట్టినది.

వేంకటస్వామినాయుడుగారు 1893లో బెంగుళూరున, సైనికోద్యోగి కుమారులై జన్మించి విశాఖపట్టణమున పెరిగిరి. కనుచూపు చాలక బడిచదువు సాగలేదు. నల్లబల్లమీది అక్షరములు కానరాని బాలునికి అన్నగారైన వేంకటకృష్ణయ్యగారు వాయులీనము నేర్పిరి. చూపు అక్కరకు రాని విద్యార్థికి పుస్తకముతో పాఠము చెప్పుట కుదరదు గనుక ఆ విద్య ఆసాంతము చెవి మీదుగా నడిచినది. విజయనగర మహారాజుగారు 1919లో సంగీత కళాశాలను స్థాపించినప్పుడు, విద్యార్థిగా చేరవచ్చిన ఆ యువకుని వాద్యము విని ఆచార్యునిగా నియమించిరని చెప్పుకొందురు. కళాశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. కాలికి గజ్జె కట్టి హరికథ చెప్పు మహానుభావుడు కళాశాల అధిపతి. చూపు మందగించిన యువకుడు వాయులీనాచార్యుడు. నేటి నియామకసంఘముల వారి యెదుట వీరిద్దరిలో ఎవరికైనను ఆ పదవి దక్కియుండునా అని నాకు సందేహము. నాయుడుగారు 1936లో ఆ కళాశాలకు అధ్యక్షులైరి. 1941లో మద్రాసు సంగీత అకాడెమీవారి సంగీతకళానిధి బిరుదము పొందిరి. పక్కవాద్యముగానే పరిగణింపబడుచుండిన వాయులీనమును ప్రధానవాద్యముగా వేదికమీద నిలిపిన ప్రథములలో వారొకరు. పాశ్చాత్య విద్వాంసుల కమాను నడకను శ్రద్ధగా విని, ఆ నాదపుష్టిని గ్రహించి, దానిని గమకమునకు ఊడిగము చేయించిరి. పాశ్చాత్య వాయులీన విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ 1952లో మద్రాసు వచ్చినప్పుడు న్యాయమూర్తి రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాద్యము విని ముగ్ధుడయ్యెనన్న వార్త మనవారు గర్వముతో చెప్పుకొందురు. అందు నాకు ముఖ్యముగా తోచునది మెచ్చుకోలు కాదు, ఒకే వాద్యముపై రెండు చెవులు కలిసికొనుట.

మెట్ల వాద్యములలో మన తెలుగువారికి నిజముగా దగ్గరైనది పియానో కాదు, హార్మోనియము. పారిస్‌లో దెబేన్ అను పనివాడు 1842లో హక్కుపత్రము పొందిన ఈ తిత్తివాద్యము, కలకత్తాలో చేతిపెట్టెగా మారి, సురభి మొదలగు నాటకసమాజముల బండ్లమీద మన పల్లెలన్నియు తిరిగినది. నాటకపు హార్మోనిస్టు ఎట్టివాడు? పాత్రధారి గొంతు ఆ రాత్రి ఒకటిన్నర శ్రుతిలో పలుకునో, నాలుగున్నరకు ఎక్కునో పద్యము ఎత్తుకొన్న తోడనే గ్రహించి, అతని రాగమును వెంబడించి, అతడు తప్పినచో కప్పిపుచ్చి, మరల దారికి తేవలసినవాడు. అట్టివాడు సమాజము విడిచి ఊరిలో స్థిరపడి పిల్లలకు పాఠము చెప్ప మొదలిడినప్పుడు, మెట్టు ముందు కాదు, పద్యము ముందు. పాడించి, పాడినదానిని మెట్లపై వెదకించును. వ్రేళ్ళ పొందిక వికారముగా నుండవచ్చును. బొటనవ్రేలు అసలు పనిచేయకపోవచ్చును. ఐనను ఆ శిష్యుడు రాగమును వినగలవాడగును.

ఈ సంప్రదాయమునకు శిఖరప్రాయమైన కుటుంబము సాలూరి పట్రాయనివారిది. పట్రాయని సీతారామశాస్త్రిగారు విజయనగర కళాశాలలో గాత్రాచార్యులు. హార్మోనియమును తామే వాయించుకొనుచు పాడగలవారు. వారాలు చేసికొని చదువుకొన్న ఘంటసాల వేంకటేశ్వరరావుగారిని చేరదీసి ప్రతిఫలాపేక్ష లేక గాత్రము నేర్పిన గురువు ఆయనయే. వారి కుమారులు సంగీతరావుగారు పిదప ఘంటసాలవారికి హార్మోనియ సహకారమందించి, వెంపటి చినసత్యముగారి కూచిపూడి నృత్యనాటకములకు సంగీతము కూర్చిరి. గాయకుల ఇంట మెట్ల వాద్యమున్నప్పుడు అది గాత్రమునకు లోబడి యుండునని ఈ కుటుంబము నిరూపించినది. ఇంతలో ఆకాశవాణివారు 1940లో హార్మోనియమును తమ ప్రసారములనుండి బహిష్కరించిరి. సమవిభక్తమైన ఆ స్వరములు మన శ్రుతులను చెరచుననియు, గమకము పలుకదనియు ఆక్షేపణ. ఆ నిషేధము 1971 వరకు సాగినది. ఆక్షేపణ శాస్త్రీయముగా సత్యమే. తీర్పు మాత్రము అన్యాయమని నేననుకొందును. వాద్యమునకు గమకము రాకున్నను, దానిని నేర్పువానికి గమకము వచ్చుట అసంభవము కాదు గదా.

ఇందుకు మెట్లుగల తీగవాద్యమైన మాండొలిన్ చరిత్రయే సాక్షి. ఉప్పలపు శ్రీనివాసు 1969లో పాలకొల్లున జన్మించి, ఆరేండ్ల వయసున తండ్రిగారి మాండొలిన్ చేతబట్టెను. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాద్యకారులు. వారికి గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, బాలునికి పాఠము చెప్ప పూనుకొనిరి. సుబ్బరాజుగారికి మాండొలిన్ రాదు. ఆయన పాడును; బాలుడు విని, మెట్లమధ్య ఆ పలుకు ఎచ్చట దాగియున్నదో తానే వెదకి తీయును. చిత్తరంజకములైన ఆ గమకములకు ఏ చేతిపద్ధతియు అప్పటికి లేదు. గురువు గొంతు అడిగినదానిని చేయి కల్పించుకొనవలసివచ్చినది. గుడివాడ త్యాగరాజోత్సవములలో 1978లో ఆ బాలుడు తొలి కచేరి చేసెను. రాజమహేంద్రవరపు గిటారిస్టు వాసూరావుగారినుండి పాశ్చాత్యసంగీతపు పరిచయమును ఆ బాల్యముననే కలిగినది. మాండొలిన్ నిపుణుడొకడు గురువై యుండినచో శ్రీనివాసు మంచి మాండొలిన్ వాద్యకారుడై యుండెడివాడు, అంతటితో ఆగెడివాడేమో.

మన పొరుగువారినిగూర్చి క్లుప్తముగా చెప్పెదను. నర్మదకు ఆవల బరోడాలో మూడవ శాయాజీరావు మహారాజు ప్రోత్సాహమున మౌలాబఖ్షు 1886లో సంగీతపాఠశాల తెరచెను; అతడు దక్షిణదేశము తిరిగి కర్ణాటక సంగీతమును సాధించినవాడు, స్వరలిపి కల్పించినవాడు; అతని కుమారుడొకడు లండను వెళ్ళి రాయల్ సంగీతవిద్యాలయమున చదివెను. గోవాలో చర్చిబడుల గాయనశిక్షకులు పిల్లలకు స్వరములు పాడుట నేర్పిన పిదపనే వయొలిన్ చేతికిచ్చెడివారు. మజోర్డా గ్రామపు చర్చి గాయనశిక్షకుని కుమారుడే బొంబాయి సినిమా వాద్యబృందములలో పేరొంది, ప్యారేలాల్‌కు వయొలిన్ నేర్పిన ఆంథొనీ గొన్సాల్వెజ్. మద్రాసు మైలాపూరులో ధన్‌రాజ్ మాస్టరు ఇళయరాజాకు పాశ్చాత్యసంగీతమును నేర్పెను, ఏ.ఆర్. రహమాన్‌కు బాల్యమున పాఠము చెప్పినదియు ఆయనయే. ఒకే గురువునుండి ఇంత భిన్నములైన రెండు బాణీలు వెలువడుటచే ఆయన తన బాణీని శిష్యులపై రుద్దలేదని తెలియుచున్నది.

ఇప్పుడు మీ పిల్లల సంగతి. లండనులో 1889లో స్థాపింపబడిన అసోసియేటెడ్ బోర్డు వారు నడుపుచున్న గ్రేడు పరీక్షలకు మన నగరములనుండియు విద్యార్థులు కూర్చుండుచున్నారు. ఆ పరీక్షకు 150 మార్కులు. మూడు కృతులకు ఒక్కొక్కదానికి 30, స్కేళ్ళకు 21, చూచి వాయించుటకు 21, వినికిడికి 18. నేను మొదటిదన్నదానికి వారు కడపటి స్థానమిచ్చిరి. 2020లో ప్రవేశపెట్టిన మరియొక తరహా పరీక్షలో వినికిడి భాగమే లేదు. పరీక్షను నేను దూషింపను. దానివలన వ్రేళ్ళు క్రమముగా నడచును, స్వరలిపి చదువుట వచ్చును, చదువ వచ్చినవానికి ప్రపంచపు గ్రంథములు తెరచుకొనును. 18 మార్కుల పాఠమునకు 18 మార్కుల కాలమే కేటాయించు గురువుతోనే నా పేచీ.

సూరతులో కీబోర్డు నేర్పువారిని చూచినచో, గ్రేడులు పొందినవారున్నారు, చర్చి ఆరాధనలలో వాయించి వచ్చినవారున్నారు, నవరాత్రులలో గర్బా బృందములతో వాయించువారున్నారు, సెల్‌ఫోనులో చూచి నేర్చి నేర్పువారును ఉన్నారు. తలిదండ్రులు వీరిలో గర్బా వాద్యకారుని చులకన చేయుదురు. నేను చేయను. తొమ్మిది రాత్రులు గాయకుని గొంతు వెంట పరుగెత్తినవానికి నాటకపు హార్మోనిస్టుకు గల చెవియే ఉండును. అతని లోపము వేరొకటి. కీబోర్డునకు ట్రాన్స్‌పోజ్ అను మీట యొకటి కలదు. అన్ని పాటలను ఒకే స్కేలు వ్రేళ్ళతో వాయించి, శ్రుతిని ఆ మీటతో మార్చుకొనుట వేదికమీద చెల్లును. శిష్యునికి అదే అలవాటైనచో చేయి ఒకటి నొక్కుచుండగా చెవి మరియొకటి వినును, వాటి పొత్తు ఎన్నటికిని కుదరదు. తాళము దానియంతట అది మ్రోగు ఏర్పాటును ఇట్టిదే; బిడ్డ లయ తప్పినను యంత్రము తప్పదు, తప్పినది బిడ్డకు వినబడదు. ఈ రెండు మీటలను తొలియేడు ముట్టరాదని గురువుతో చెప్పుడు. తొలిదినమున గురువును ఒక చిన్న కూనిరాగము తీయుమని కోరి, దానిని మీ బిడ్డ మెట్లపై వెదకుచుండగా ఆయన ఏమి చేయునో గమనింపుడు. వ్రేలు పట్టి మెట్టుపై పెట్టునా, మరల పాడి ఊరకుండునా?

ఈ సభవారు పిల్లలకు ఇచ్చట తరగతి పెట్టదలచినారని విన్నాను. గాత్రము చెప్పువారినొకరిని, కీబోర్డు చెప్పువారినొకరిని ఒకే సాయంకాలమున నియమింపుడు. గాత్రమున ఆ దినము పాడిన పిళ్ళారిగీతమునే తరువాతి గంటలో మెట్లపై వెదకింపుడు. మెట్లకు అందని గమకము వచ్చినప్పుడు, ఇది ఈ వాద్యమునకు రాదు అని కీబోర్డు గురువే ఎలుగెత్తి చెప్పవలెను; గాత్రగురువు దానిని పాడి చూపవలెను. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ జీతమియ్యవలెనన్న చర్చకు మాత్రము నేను దిగను.